ఇలాగే ఉంచవచ్చా?

నాగుమో తెయిజి ముప్పై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల కోరికలన్నీ దిద్దుతూ బతుకుతున్నాడు. అపార్థం చేసుకోకండి, అతను టోక్యోలో ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరు. అచ్చుకు వెళ్లే నవలలన్నీ అతని బల్ల మీదుగా పోవాల్సిందే. ఈ కాలపు నవలల్లో ఏముంటుందో రాసేవాళ్లకంటే అతనికే బాగా తెలుసు. ఒక మగవాడు ఉంటాడు. అతనికి ఒక ఆడమనిషి కావాలి. ఆ సంగతి ఆమెకు చెప్పడు, తనకు తాను కూడా చెప్పుకోడు. ఫ్రిజ్ తెరిచి చూసి మూస్తాడు. చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాడు. బయట వాన పడుతుంది. రెండు వందల పేజీల తర్వాత ఆమె వేరే ఊరు వెళ్లిపోతుంది, అతను మళ్లీ వెళ్లి ఫ్రిజ్ తెరుస్తాడు. విమర్శకులు దీన్ని నిర్లిప్తత అని మెచ్చుకుని బహుమతులు ఇస్తారు.

నాగుమో మాత్రం ఆ వాన ఆ రోజు నిజంగా పడిందా అని చూస్తాడు. పాత పత్రికలు తిరగేసి, ఆ ఏడాది జూన్ తొమ్మిదిన ఆ ఊళ్లో ఎండ కాసిందని కనిపెట్టి, పేజీ అంచున సన్నటి పెన్సిలుతో రాస్తాడు: "ఆ రోజు వాన లేదు. ఇలాగే ఉంచవచ్చా?" కథానాయిక నిండు చందమామను చూసి కన్నీళ్లు పెట్టుకుంటే, ఆ తేదీకి చంద్రుడు పావు వంతే ఉన్నాడని రాస్తాడు. నాయకుడు ఎక్కిన రైలు ఆ స్టేషన్లో ఆగదని రాస్తాడు. రచయిత ఎర్ర సిరాతో జవాబిస్తాడు. మారిస్తే మారుస్తాడు, లేకపోతే "ఇలాగే" అని ఒక్క ముక్క రాసి పంపిస్తాడు. అక్కడితో నాగుమో బాధ్యత తీరిపోతుంది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ప్రూఫ్ రీడరు అడగాలే గాని రాయకూడదు. అడిగింది కూడా రబ్బరుతో ఇట్టే చెరిగిపోయేట్టు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత్రల మనసు జోలికి పోకూడదు. ఉద్యోగంలో చేరిన రోజున పై అధికారి ఓనుకి గారు పెన్సిలు చేతికిస్తూ, "తేదీలు మనవి, మనసులు వాళ్లవి" అని చెప్పింది. నాగుమో ఆ మాటను ఆఫీసులోనే వదిలి ఇంటికి వెళ్లి ఉంటే బాగుండేది. వెంట తీసుకుపోయాడు.

అతని ముప్పై నాలుగో ఏట మేనత్త ఒక పెళ్లి సంబంధం చూసింది. హోటల్లో టీ తాగుతూ ఇరువైపులవాళ్లూ పరిచయం చేసుకోవాలి. అమ్మాయి చక్కగా ఉంది, చక్కగా నవ్వింది, నాగుమోకి నచ్చింది కూడా. అమ్మాయి తల్లి వివరాల కాగితం చేతికిచ్చింది. అతను దాన్ని అక్షరం వదలకుండా రెండుసార్లు చదివి, "ఆరు నిండందే బడిలో చేర్చుకోరు కదా, ఇందులో సంవత్సరాల ప్రకారం అమ్మాయిగారు ఐదో ఏటే బడిలో చేరినట్టవుతుంది. ఇలాగే ఉంచవచ్చాండీ?" అని అడిగాడు. తల్లి టీ కప్పు కింద పెట్టేసింది. ఆ తర్వాత మేనత్త అతనికి ఏటా పెర్సిమన్ పళ్లు పంపింది గాని సంబంధాలు పంపలేదు.

అలా యాభై ఏడేళ్లు వచ్చాయి. ఒంటరి గది, చెక్కిన పెన్సిళ్లు, మధ్యాహ్నం పన్నెండూ పదికి కోబాతోలో భోజనం.

కోబాతో అంటే ఆఫీసు వెనక వీధిలో ఉన్న చిన్న మెస్. ఎనిమిది మంది కూర్చుంటే నిండిపోతుంది. నడిపేది హరుయో. భర్త పోయిన మరుసటి ఏడాది తెరిచింది, పదకొండేళ్లయింది. ఆ వీధిలో ఉన్నవన్నీ ఆఫీసులే కనుక శని, ఆదివారాలు మెస్ ఉండదు. తెరిచిన మొదటి వారంలోనే నాగుమో వచ్చి బల్ల చివరి కుర్చీలో కూర్చుని, కాల్చిన కానాగంత చేప, తురిమిన ముల్లంగి, మిసో సూపు, అన్నం తిన్నాడు. అప్పటినుంచి కుర్చీ మారలేదు, చేపా మారలేదు. శని, ఆదివారాల్లో అతను వంటగదిలో నిలబడి రొట్టె ముక్క తింటాడు. సెలవు రోజుల్లో ఎందుకో ఆకలి వేయదని అతని అనుమానం.

హరుయో నవల అనేది ముట్టుకుని ఎరగదు. అయినా ఈ పదకొండేళ్లలో నలభై నవలలు విన్నది. రోజూ చేప తిప్పుతూ వెనక్కి తిరక్కుండానే అడుగుతుంది.

"ఇవాళ ఏం చేశాడండీ మీవాడు?"

"వాన చూశాడు."

"నిన్న కూడా అదే కదా చూసింది."

"నిన్న మంచు."

"మరి ఆవిడ?"

"పెట్టె సర్దుకుంటోంది."

"ఉండమన్నాడా?"

"లేదు. కాఫీ పెట్టాడు."

"పోన్లే, ఆవిడకి కాఫీ అయినా ఇచ్చాడు."

"తనకే పెట్టుకున్నాడు."

హరుయో చేపను పళ్లెంలో ఠప్పున పడేసేది. "ఇలాంటి వెధవలందర్నీ ఒకసారి నా దగ్గరికి పంపండి నాగుమో గారూ. రెండు చేపలు కాల్చి పెడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది."

"తినడానికే తెరుస్తారండీ," అనేవాడు నాగుమో, ముల్లు తీసుకుంటూ.

ఆమె నవ్వేది. దూరాన మత్సుయామా ఊళ్లో ఉండే అక్క కమలాపళ్లు పంపినప్పుడల్లా అందరికీ ఒకటి ఇచ్చి, చివరి కుర్చీకి రెండు పెట్టేది. నాగుమో రెండూ తినేవాడు. మిగతావాళ్ల పళ్లేల పక్కన ఎన్ని ఉన్నాయో ఎప్పుడూ చూడలేదు. ఇది ప్రేమ అని మీకూ నాకూ తెలుస్తోంది. అతనికి తెలియాలంటే ఎవరో దాన్ని అచ్చు వేసి బల్ల మీద పెట్టాలి.

మార్చి మొదటి వారంలో ఒక రోజు నాగుమో వెళ్లేసరికి కోబాతో అద్దం తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలతో రాసింది. "ఇన్నేళ్లు ఆదరించినందుకు కృతజ్ఞతలు. మార్చి 28, శుక్రవారంతో కోబాతో మూసేస్తున్నాం. - హరుయో."

అతను చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ఇంకేమైనా ఆలోచించేలోపే చేయి జేబులోకి వెళ్లి పెన్సిలు తీసింది. కాగితం అంచున చిన్నగా, వంకర లేకుండా రాసింది: "28 శనివారం అవుతుంది. తేదీ సరైనదా, వారం సరైనదా?"

తర్వాత లోపలికి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు హరుయో 'మీవాడు' ఏం చేశాడని అడగలేదు. చేప ఒక పక్క కొద్దిగా మాడింది. నాగుమో మాడిన పక్కే ముందు తిన్నాడు.

రెండు గంటలకు ఓనుకి గారు భోజనం ముగించుకుని వచ్చింది. రిటైరైనా మళ్లీ పనిలోకి పిలిపించుకున్న మనిషి ఆమె. ఆఫీసులో ఎవరికీ భయపడదు.

"ఆ తలుపు మీది పెన్సిలు రాత నీదేనా?"

"తప్పు ఉంది కదండీ."

"ఆవిడ ఊరు వదిలి పోతోంది నాయనా."

"అవునండీ. కానీ శుక్రవారం అయితే ఇరవై ఏడు అవ్వాలి."

ఓనుకి గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అతని బల్ల అంచున కూర్చుంది. "పదకొండేళ్లు ఆవిడ చేతి అన్నం తిన్నావు. వెళ్లిపోతున్నానయ్యా అంటే క్యాలెండరు చూపించావు. నీకంటే బెల్లం కొట్టిన రాయి నయం. అది కనీసం తప్పులు దిద్దదు."

నాగుమోకి కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ తప్పును తప్పు అనకుండా ఎలా ఉంటాం అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు ఆ కాగితం మీద ఎర్ర సిరా కనిపించింది. హరుయో 'శుక్రవారం' కొట్టేసి 'శనివారం' అని రాసింది. కింద, "థాంక్సండీ. ఇంకేమైనా సందేహాలు ఉన్నాయా?" అని ఉంది. ఆమె దగ్గర తినేవాళ్లలో సగం మంది ఈ వృత్తివాళ్లే, ఎర్ర సిరా ఎవరిదో పెన్సిలు ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాగుమోకి ప్రాణం లేచి వచ్చింది. ఇలా మాట్లాడమంటే అతను ఎంతసేపైనా మాట్లాడగలడు.

"మూసివేతకు కారణం రాయలేదు. ఇలాగే ఉంచవచ్చా?" అని రాశాడు.

"మోకాలి నొప్పి. మత్సుయామాలో మా అక్క కూడా ఒక్కతే ఉంటోంది. ఇంకా?" అని ఎర్ర సిరా.

"మత్సుయామాకు ఎన్ని గంటల రైలు?"

"టికెట్ ఇంకా కొనలేదు. ఇంకా?"

వారం తిరిగేసరికి వీధి వీధంతా ఆ కాగితం చదవడం మొదలుపెట్టింది. ఎదురుగా పూలకొట్టు ఆవిడ పొద్దున్నే తలుపు దగ్గరికి వచ్చి, "ఇవాళేం రాశాడు?" అని వాకబు చేసేది. పక్క ఆఫీసు గుమస్తాలు భోజనానికి లోపలికి వెళ్లేముందు అక్కడ వరసలో నిలబడి చదివేవాళ్లు. లోపల మాత్రం నాగుమో, హరుయో మునుపటిలాగే చేప సంగతి, వాన సంగతి మాట్లాడుకునేవాళ్లు, తలుపు మీద రాసుకునేది వేరే ఇద్దరైనట్టు.

ఆ చివరి "ఇంకా?" ముందు నాగుమో చాలాసేపు నిలబడ్డాడు. అతనికి అడగాలని ఉంది. ఏం అడగాలో తెలుస్తూనే ఉంది కూడా. కానీ అది ప్రశ్న కాదు. ఎటు తిప్పినా ప్రశ్నగా మారడం లేదు. అది అతని సొంత వాక్యం, అతను ముప్పై రెండేళ్లలో కాగితం మీద ఒక్క సొంత వాక్యం కూడా రాసిన మనిషి కాదు. పెన్సిలు ముల్లు విరిగింది. ఇంకో పెన్సిలు తీసి, "సందేహాలు లేవు" అని రాసి ఆఫీసుకు పోయాడు.

దాని కింద ఎర్ర సిరా రాలేదు.

ఆ వారంలోనే కిరిహారా అనే పెద్ద రచయిత కొత్త నవల రెండో ప్రూఫు బల్ల మీదికి వచ్చింది. అందులో నాయకుడు తొమ్మిదేళ్లు ఒకే లాండ్రీలో చొక్కాలు వేస్తాడు. కౌంటరులో కూర్చునే ఆమె ఉత్తరాది ఊరికి వెళ్లిపోతుంటే స్టేషనుకు వస్తాడు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు, రైలు కదలగానే వాచీ చూసుకుంటాడు. అంతే నవల. మొదటి ప్రూఫులో నాగుమో ఆ రైలు టైము సరిచేశాడు. ఆ పేజీ ఎంత బాగుందో అని ఆనాడు అనుకున్నాడు కూడా. ఈసారి చదువుతూ ఉంటే ఒళ్లు మండింది. పెన్సిలు నొక్కి పట్టి, అంచున రాశాడు: "తొమ్మిదేళ్లు చొక్కాలు మడతపెట్టి ఇచ్చిన మనిషి వెళ్లిపోతుంటే ఇతను వాచీ చూసుకుంటాడా? నువ్వు నాకు కావాలి అని ఒక్క మాట అంటే ఇతని సొమ్మేం పోయింది? ఇలాగే ఉంచవచ్చా?"

పద్ధతి ప్రకారం ఓనుకి గారు దాన్ని చెరిపేసి పంపాలి. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివి, రబ్బరు ఎక్కడో పెట్టి మర్చిపోయానని చెప్పి, అలాగే పంపేసింది.

ఇరవై ఏడో తేదీ శుక్రవారం కోబాతో కిటకిటలాడింది. రేపు ఆఫీసులు ఉండవు కనుక అందరికీ అదే ఆఖరి భోజనం. పూలగుత్తులు తెచ్చారు, తలలు వంచి నమస్కారాలు పెట్టారు. పూలకొట్టు ఆవిడ ఏడ్చింది. నాగుమో తన వంతు వచ్చేదాకా ఆగి, "ఇన్నేళ్లు చాలా రుచిగా తిన్నానండీ," అన్నాడు.

"అంతేనా?" అంది హరుయో.

"అంతేనండీ."

ఆఫీసుకు వచ్చేసరికి బల్ల మీద కిరిహారా దగ్గరి నుంచి ప్రూఫులు తిరిగి వచ్చి ఉన్నాయి. ఆ పేజీలో ఎర్ర సిరాతో, మహా దర్జాగా: "ఇలాగే. వీడు నోరు విప్పితే నాకు నవల ఉండదు. అడిగిన పెద్దమనిషికి ఆ ఇబ్బంది లేదనుకుంటాను."

నాగుమో చెవుల చివరలు ఎర్రబడ్డాయి. ఓనుకి గారు అతని భుజం మీదుగా అది చదివింది.

"రేపు వెళ్తున్నావా?"

"ఎక్కడికండీ? రేపు శనివారం. ఆఫీసు లేదు కదా."

"ఆఫీసు లేదు. ఆ మెస్ ఎప్పుడైనా శనివారం తెరిచిందా?"

నాగుమో చేతిలోని పెన్సిలు కింద పెట్టాడు.

"ఆవిడ తప్పు రాసింది, నువ్వు పట్టుకున్నావు. బాగానే ఉంది. శుక్రవారాన్ని ఉంచి తేదీని ఇరవై ఏడు చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. తేదీని ఉంచి వారాన్ని మార్చింది. శనివారం ఆ వీధిలో భోజనానికి పిల్లి కూడా రాదు. ఆ కాగితం ముందు మూడు వారాలు నిలబడ్డావు, ఎందుకు మార్చిందో నీకు తట్టలేదా? ఎప్పుడో పాతికేళ్ల కిందటి చందమామను మాత్రం వెతికి పట్టుకుంటావు."

నాగుమో కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై రెండేళ్లలో అతని కన్ను దాటిపోయిన మొదటి తప్పు అది, అదీ రెండు వాక్యాల కాగితంలో. సిగ్గు వేసింది. భయం వేసింది. వాటి కింద నుంచి, ఇంతవరకు ఎవరో రాస్తే తప్ప ఎరగని సంతోషం ఒకటి పైకి వచ్చి, అతన్ని ఏ పనీ చేసుకోనివ్వలేదు. సాయంత్రం దాకా ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో ఎవరికో ఒక ఫోను మాత్రం చేశాడు.

శనివారం మధ్యాహ్నం వాన పడింది. పడుతుంది మరి, కథ ఇక్కడిదాకా వచ్చాక. వీధిలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కోబాతో గుమ్మానికి మాత్రం, తెరిచి ఉందన్న గుర్తుగా, నీలం గుడ్డ తెర వేలాడుతోంది. లోపల చివరి కుర్చీ ముందు ఒక్క పళ్లెం సర్ది ఉంది, పొయ్యి మీద ఒక్క చేప ఉంది.

"పన్నెండూ ఇరవై అయింది," అంది హరుయో వెనక్కి తిరక్కుండా. "పదకొండేళ్లలో ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు మీరు."

"వీధి చివర కాసేపు నిలబడ్డానండీ."

"ఎందుకు?"

"భయం వేసి." గొడుగు మడిచి మూల పెట్టాడు. "శనివారం మీరు తెరవరు కదా."

"ఇప్పటికి కనిపెట్టారా?"

"నిన్న. అదీ ఓనుకి గారు చెబితే."

"అంత పెద్ద అక్షరాలతో రాశాను." ఆమె చేపను పళ్లెంలోకి మెల్లగా దించింది. తర్వాత అలవాటు ప్రకారం అడిగింది, "ఏం చేశాడండీ మీవాడు?"

"వాచీ చూసుకున్నాడు. రైలు వెళ్లిపోయింది."

"మీరు రచయితను అడగలేదా?"

"అడిగాను. ఇలాగే ఉంచమన్నారు."

"మరి మీరు?"

నాగుమో చేయి జేబులోకి వెళ్లింది. హరుయో బల్ల మీదుగా చేయి చాపి, అతని వేళ్ల మధ్యనుంచి పెన్సిలు లాగేసి చాప్‌స్టిక్ల డబ్బాలో పెట్టింది. అతను ఖాళీ చేతిని చూసుకున్నాడు.

"నాకు కావాలండీ," అన్నాడు.

"ఏం కావాలి? ఇంకో గిన్నె అన్నమా?"

"అన్నం కూడా. కానీ మీరు. మీరు నాకు కావాలి." ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి ఆగకుండా చెప్పేశాడు. "మిమ్మల్ని ఉండమనడం లేదు. మోకాలు ఉంది, అక్కగారు ఉన్నారు. నేనే వస్తాను. ప్రూఫులు దిద్దడానికి ఆఫీసులోనే ఉండక్కర్లేదు, కొరియర్లో పంపుతారు. మత్సుయామాకు రెండు రోజులు పడుతుంది. నిన్న ఫోన్ చేసి కనుక్కున్నాను."

హరుయో పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుంది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, పదకొండేళ్లలో మొదటిసారి అతని పక్క కుర్చీలో కూర్చుంది. అద్దంలోంచి వాన చూస్తూ ఉండిపోయింది.

ఇలాంటి మౌనాలు నాగుమో చేతుల మీదుగా వందలు పోయాయి. "ఆమె మాట్లాడలేదు. వాన పడుతూనే ఉంది" అని ఉంటే, వాన ఒక్కటి సరిచూసి ముందుకు పోయేవాడు. అందులో కూర్చోవడం ఇదే మొదలు.

"ఏమైనా అనండి," అన్నాడు.

"పదకొండేళ్లు మీరు చేప తిన్నారు. నన్ను ఒక్క నిమిషం కూర్చోనివ్వరా?"

అతను నోరు మూసుకుని గోడ గడియారం వైపు చూశాడు. ఒక నిమిషం అయింది. ఇంకో నలభై సెకన్లు అయ్యాయి. అడుగుదామా అనుకుని, ఇది అడిగేది కాదని ఊరుకున్నాడు.

"ఒక్క రోజు," అంది హరుయో.

"ఏమిటండీ?"

"రెండు రోజులు కాదు, కొరియరుకు ఒక్క రోజే. మా అక్క పంపే కమలాలు మర్నాటికల్లా వచ్చేస్తున్నాయి, పదకొండేళ్లుగా రెండేసి తింటూనే ఉన్నారు మీరు." అతని వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది. "తప్పు చూసుకోండి నాగుమో గారూ."

అతను అలవాటుగా డబ్బాలోని పెన్సిలు కోసం చేయి చాపాడు. ఆమె ఆ చేతిని పట్టుకుంది, వదల్లేదు. కుడి చెయ్యి ఆమె దగ్గర ఉండిపోవడంతో ఆ రోజు నాగుమో ఎడమ చేత్తో చేప తినాల్సి వచ్చింది. ముల్లు తీయడం రాక సగం పాడుచేశాడు, రెండో గిన్నె అన్నం మాత్రం అడిగి పెట్టించుకున్నాడు.